ఉసిళ్ళ విందులో గబ్బిలాల వరుస

ఒకప్పుడు గబ్బిలాలు పట్టపగలే ఎగిరేవి. నిజంగానే. కాకులతో పాటు పొద్దున్నే లేచేవి, చీకటి పడితే పడుకునేవి.

ఇక్కడ గబ్బిలాలంటే పళ్ళు తినే పెద్ద గబ్బిలాలు కాదు. వాటి కథ వేరు, వాటి దర్జా వేరు. ఇవి పురుగులు తిని బతికే చిన్న గబ్బిలాలు. పిడికిట్లో పట్టేంతవి.

అప్పట్లో ఈ చిన్న గబ్బిలాలన్నీ ఒకేలా ఉండేవి. ఒకే బూడిద రంగు, ఒకే పొట్టి చెవులు, ఒకే నలిగిన ముఖం. కొండమీద ఒక పెద్ద బండ పగిలి సందు పడితే, అందరూ ఆ సందులోనే తలకిందులుగా వేలాడేవారు. ఎవరి పిల్ల ఏడ్చినా పక్కనున్న తల్లి పాలిచ్చేది. "మీరు ఏ రకం గబ్బిలాలు?" అని ఎవరూ అడిగేవారు కాదు. అడగాలన్న తెలివి లోకానికి ఇంకా రాలేదు.

ఆ కొండకు ఒక ఆచారం ఉండేది. ఎండాకాలం చివర తొలివాన పడగానే పెద్ద పుట్టలోంచి ఉసిళ్ళు లేచేవి. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. పుట్ట నోట్లోంచి పొగలా పైకి లేచేవి. ఆ రోజు కొండకంతటికీ విందు.

విందులో ఎవరి వరుసలో వాళ్ళు కూర్చోవాలి. ఈకలున్నవాళ్ళది మొదటి వరుస. బొచ్చున్నవాళ్ళది రెండో వరుస. పొలుసులున్నవాళ్ళది మూడో వరుస. కప్పలు ఎక్కడో ఆ చివర, బురదలో. "మనమందరం సమానమే!" అని మొదటి వరుసవాళ్ళు ఏటా చెప్పేవారు. వెనక వరుసలకు కూడా వినబడాలని గట్టిగా చెప్పేవారు.

ఈ విందు గురించి ఉసిళ్ళ అభిప్రాయం మాత్రం ఎవరూ అడగలేదు. ఎంత గొప్ప సమానత్వమైనా భోజనాల వేళకు కాస్త ఆగాలి కదా.

గబ్బిలాలు ఇన్నాళ్ళూ ఏ వరుసలోనూ కూర్చోలేదు. గాల్లోనే తిని, గాల్లోనే వెళ్ళిపోయేవి. ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆ ఏడు వరుసలకు పెద్దగా నెమలిదొర వచ్చాడు.

నెమలిదొర చాలా చదువుకున్నవాడు. ఒంటినిండా కళ్ళున్నవాడు. అంత తోక మోసేవాడికి బాధ్యత కూడా మోయాలనిపిస్తుంది. వచ్చీ రాగానే ఒక మాటన్నాడు: "ప్రతి జీవికీ ఒక వరుస! వరుస లేని జీవి ఉండకూడదు!"

కొండంతా చప్పట్లు కొట్టింది. గబ్బిలాలు కూడా కొట్టాయి. అది తమ గురించేనని వాటికి తెలీదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. పురుగు లేదు, దోమ లేదు. అందరి డొక్కలూ లోపలికి పోయాయి. అలాంటి కరువులో నూకాలు అనే గబ్బిలం పిల్లను కన్నది. ఆ చంటిది తల్లి పొట్టను కరుచుకుని వేలాడేది. లాగి లాగి ఏడ్చేది. తల్లికి తిండి ఉంటేనే కదా పిల్లకు పాలు.

"ఏడవకే నా తల్లీ. వాన పడిందా, ఉసిళ్ళు లేస్తాయి. నేను కడుపునిండా తింటాను. నువ్వు కడుపునిండా తాగుదువుగాని" అని నూకాలు రోజూ ఊరడించేది.

వాన పడింది. మట్టి వాసన వచ్చింది. పొద్దున్నే అందరూ పుట్ట చుట్టూ చేరారు.

పుట్ట నోటి మీద ఎలుగుబంటి తాత కూర్చున్నాడు. వరుసలు సర్దుకునేదాకా ఉసిళ్ళు బయటికి రాకూడదు. అందుకని నోటిని తన వెనకభాగంతో మూశాడు. బొచ్చు వరుసకు ఆయనే పెద్ద. ఆయన చేసే పనల్లా అలా కూర్చోవడమే. దాన్ని నాయకత్వం అనేవారు.

నూకాలు ఎప్పట్లాగే గాల్లోకి లేచింది.

"ఆగు!" అన్నాడు నెమలిదొర. "నీ వరుస ఏది?"

"నాకు వరుసెందుకు బాబూ? నాలుగు ఉసిళ్ళు దొరికితే చాలు. పిల్లకి పాల్లేవు."

"వరుసలో తింటే దాన్ని భోజనం అంటారు. వరుస లేకుండా తింటే దాన్ని దోపిడీ అంటారు. నువ్వు ఎగురుతున్నావు కదా, ఈకలేవి?"

"లేవు బాబూ. తోలు రెక్కలు."

"తోలా!" మొదటి వరుసలో చిలకలు ముక్కులు మూసుకున్నాయి. "ఈకలు లేని రెక్కలు మా వరుసలోనా? మా పిల్లలు చూస్తే ఏం నేర్చుకుంటారు?"

నూకాలు రెండో వరుసకు వెళ్ళింది. "తాతా, నాకు బొచ్చుంది. పళ్ళున్నాయి. మీ ఆడవాళ్ళలాగే పిల్లకి పాలిచ్చేదాన్ని."

"అవునమ్మీ, నువ్వు మాదానివే. మా గుండెల్లో నీకు చోటుంది" అన్నాడు ఎలుగుబంటి తాత. "వరుసలో మాత్రం లేదు. మావాళ్ళు ఎగరరు. పక్కవాడు ఎగురుతూ ఉంటే కింద కూర్చున్నవాడి మనసు నొచ్చుకోదూ?"

మూడో వరుసలో తొండ అడక్కుండానే తల అడ్డంగా ఊపింది.

అప్పుడు పైడయ్య మావకు కోపం వచ్చింది. గబ్బిలాల్లో గట్టి గొంతు అతనిదే. బండ సందులోంచి దూసుకొచ్చి అరిచాడు: "గబ్బిలాల ఐక్యత వర్ధిల్లాలి! మన వరుస మనదే! ఒక్కరికి అన్యాయం జరిగితే అందరికీ జరిగినట్టే!"

గబ్బిలాలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం నల్లబడింది. చిలకలు తోకలు సర్దుకున్నాయి. ఎలుగుబంటి తాత కూడా కాస్త అటూ ఇటూ కదిలాడు.

ఆ ఒక్క క్షణం, పిల్లలూ, గబ్బిలాలు ఒకే మాట మీద ఉన్నాయి. అలాగే పుట్ట మీద వాలి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

కానీ నెమలిదొర భయపడలేదు. ఇలాంటివి చూసినవాడు. తోక విప్పాడు. మెత్తగా నవ్వాడు.

"మీ ఆవేదన నాకు అర్థమైంది. గబ్బిలాలకు ఒక చోటు ఇస్తున్నాను. పుట్ట నోటి పక్కనే. అందరికన్నా ముందు!"

గబ్బిలాలు జేజేలు పలికాయి.

"అయితే చిన్న నియమం. ఆ చోటు ఒక్క రకానికే. మీలో ఎవరు మిగతావాళ్ళలా ఉండరో, ఎవరు ప్రత్యేకమో, వాళ్ళకే. మీరే తేల్చుకుని రండి. మీ నిర్ణయంలో నేను జోక్యం చేసుకోను. అది మీ స్వేచ్ఛ."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొట్టమొదటిసారి అలా చూసుకున్నారు.

"నా చెవులు కాస్త పొడుగే" అన్నాడు పైడయ్య మావ.

"మావా, ఇప్పుడే కదా ఐక్యత అన్నావు?" అంది నూకాలు.

"ఐక్యత ఎక్కడికి పోతుందే? ముందు నన్ను ముందు చోట కూర్చోనీ. అక్కణ్ణుంచి అందరి కోసం అరుస్తాను. గొంతు దూరం వినబడుతుంది." అలా అంటూనే రెండు చెవులూ పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. లాగాడు, లాగాడు. చెవులు తలకన్నా పొడుగయ్యాయి.

అప్పలనర్సి ఊరుకుంటుందా? కొండ దిగువన పసుపు ఉడకబెట్టి ఆరబోసిన కళ్ళం ఉంది. వెళ్ళి అందులో పొర్లింది. పొట్టంతా పచ్చగా మెరిసింది. "ఒలే నూకాలూ, నన్ను ముట్టుకోకే. రంగు పోద్ది" అంది. నిన్నటిదాకా నూకాలు పిల్లను తన ఒళ్ళో పడుకోబెట్టుకున్నది ఈ అప్పలనర్సే.

గంగులు రెండు రాళ్ళ మధ్య తల పెట్టి నొక్కుకున్నాడు. తల రొట్టెలా పలచబడింది. పగిలిన వెదురు బొంగు సన్నటి చీలికలోంచి లోపలికి దూరి, "ఇలా దూరేవాడు ఇంకెవడున్నాడో చూపించండి!" అని సవాలు చేశాడు. ఎవరూ లేరు. దూరాల్సిన అవసరం కూడా ఎవరికీ లేదు.

ఇంకొకడు మోదుగ పూలు నలిపి ఒళ్ళంతా ఎర్రటి రంగు పూసుకుని, రెక్కల మీద బొగ్గుతో నల్ల చారలు గీసుకున్నాడు. మరొకడు ముక్కు రంధ్రాల్లో గడ్డిపుల్లలు దోపి దోపి రెండు గొట్టాలు చేసుకున్నాడు. ఒకామె బూడిదలో మునిగి మంచు పడినట్టు లేచింది. ఒకడు కాళ్ళు సాగదీసుకున్నాడు. ఎవడికి ఏది దొరికితే అది సాగదీశాడు, నొక్కాడు, పూశాడు.

బండ సందు ఖాళీ అయింది. పసుపు పొట్టవాళ్ళు తాటి మట్టల్లోకి పోయారు. పలచ తలవాళ్ళు వెదుళ్ళలోకి పోయారు. ఎర్రరంగువాళ్ళు ఎండిన అరటాకుల్లో దాక్కున్నారు. ఒకేచోట వేలాడితే ఒకే రకం అనుకుంటారని భయం.

నూకాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయే ఓపిక లేదు. పిల్లను పొట్టకు అదుముకుని పుట్ట పక్కన రాతికి వేలాడింది.

పరీక్ష మొదలైంది. నెమలిదొర ఒక్కొక్కరినీ తిప్పి తిప్పి చూశాడు.

"అద్భుతం! ఎన్ని చెవులు, ఎన్ని ముక్కులు! భిన్నత్వంలో ఏకత్వమంటే ఇదే" అన్నాడు. "కానీ పొడుగు చెవులవాళ్ళు చాలామంది వచ్చారే. వీళ్ళలో పొట్టి కాళ్ళవాళ్ళు ఒక పక్క, పొడుగు కాళ్ళవాళ్ళు ఒక పక్క నిలబడండి. పొడుగు కాళ్ళవాళ్ళలో పళ్ళు వంకరగా ఉన్నవాళ్ళు ఇటు రండి. పసుపు పొట్టల్లో ముదురు పసుపు వేరు, లేత పసుపు వేరు. కలవకండి, కలవకండి!"

వరుసలో ఉపవరుస వచ్చింది. ఉపవరుసలో పిల్లవరుస వచ్చింది. పిల్లవరుసలో ఇద్దరుంటే వాళ్ళిద్దరూ కొట్టుకున్నారు. పొద్దున్న ఒక ఉపవరుసలోకి పంపినవాణ్ణి మధ్యాహ్నం ఇంకో ఉపవరుసలోకి మార్చారు. అతను అక్కడివాళ్ళను తిట్టడం అప్పుడే నేర్చుకున్నాడు, మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది, పడమటికి వాలింది. ఒక్క ఉసిలి కూడా బయటికి రాలేదు. తాత లేవలేదు మరి. మొదటి వరుసలో చిలకలు మాత్రం ముందుగానే ఇంట్లో తినొచ్చాయి.

చివరికి నెమలిదొర నూకాలు దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఏమీ మారలేదే? నీ ప్రత్యేకత ఏమిటి?"

"ఆకలి బాబూ."

నెమలిదొర నిట్టూర్చాడు. "అది అందరికీ ఉంటుందమ్మా. అందరికీ ఉన్నదాన్ని ప్రత్యేకత అనరు. తర్వాత ఎవరు?"

నూకాలు పిల్ల వైపు చూసుకుంది. పొద్దున్నంతా ఏడ్చిన పిల్ల ఇప్పుడు ఏడవడం లేదు. కరుచుకున్న పట్టు సడలుతోంది. ఏడ్చే పిల్లకన్నా ఏడవని పిల్లను చూస్తే తల్లికి భయం ఎక్కువ.

"నర్సీ! ఒలే నర్సీ! ఇలా వచ్చి చూడవే, చంటిది కదలట్లేదే!"

అప్పలనర్సి రెక్క ఎత్తింది. తన ఉపవరుసను చూసింది. రెక్క దించేసింది.

సూర్యుడు కొండ వెనక్కి జారాడు. మబ్బులు కమ్మాయి. నెమలిదొర ఒంటిమీద ఉన్న అన్ని కళ్ళలో ఒక్కటీ పనిచేయలేదు. చిలకలు కొమ్మకు గుద్దుకున్నాయి.

"సభ వాయిదా!" అన్నాడు నెమలిదొర, చెట్టు కోసం తడుముకుంటూ. "ఆకలి సమస్యను రేపు లోతుగా చర్చిద్దాం!"

పక్షులన్నీ గూళ్ళకు పోయాయి. తాత మాత్రం పుట్ట మీదే గురక పెడుతున్నాడు. నాయకత్వం ఆయన్ని నిద్రలో కూడా వదలదు.

పుట్ట లోపల ఉసిళ్ళు పొద్దుటినుంచి రెక్కలు ముడుచుకుని ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ఊపిరాడట్లేదు. వాటికి కాపలాగా పెద్ద తలల చెదపురుగులు ఉంటాయి. అవి పైకి పాకి, మూతగా ఉన్నదేమిటో కాసేపు పరిశీలించి, అన్నీ కలిసి కరిచాయి.

"ఓలమ్మో!" తాత గాల్లోకి ఎగిరాడు. బొచ్చు వరుసవాళ్ళు ఎగరరన్నాడే, ఆయనే ఎగిరాడు. రెండు చేతులా వెనక పట్టుకుని కొండ దిగువకు పరుగెత్తాడు.

ఆ కొండమీద ఆ రోజు జరిగిన ఒకే ఒక్క తిరుగుబాటు అది. నినాదం లేకుండానే జరిగింది.

ఉసిళ్ళు బుస్సుమని లేచాయి. రెక్కల చప్పుడు గాలంతా నిండింది. కానీ చీకటి. గబ్బిలాలు ఎప్పుడూ చీకట్లో ఎగరలేదు. ఎక్కడివాళ్ళు అక్కడే బిక్కుబిక్కుమని వేలాడుతున్నారు.

నూకాలు మాత్రం రాతిని వదిలేసింది. అటు వెళ్ళింది, ఉసిలి దొరకలేదు. ఇటు వెళ్ళింది, కొమ్మ తగిలింది. తిండి ముఖం మీద రాసుకుంటూ పోతోంది, నోటికి అందట్లేదు. పొట్ట మీద పిల్ల చల్లబడుతోంది.

అప్పుడు అరిచింది. నెమలిని తిట్టిందో, నర్సిని పిలిచిందో, పిల్లను లేపిందో ఆమెకే తెలీదు. పొద్దుటినుంచి గొంతులో ఆగిపోయిందంతా ఒక్కటే సన్నని అరుపై సూదిలా దూసుకుపోయింది.

అరుపు వెళ్ళింది. వెళ్ళి, ఏదో మెత్తని దానికి తగిలి, తిరిగి ఆమె చెవికే వచ్చింది.

నూకాలు అటు మళ్ళి నోరు తెరిచింది. నోట్లో ఉసిలి!

మళ్ళీ అరిచింది. మళ్ళీ తిరిగొచ్చింది. మళ్ళీ ఉసిలి. కన్ను చూపించని దారిని గొంతు చూపిస్తోంది. నూకాలు అరిచింది, తిన్నది, అరిచింది, తిన్నది. ఎన్ని తిన్నదో లెక్క లేదు. రొమ్ములో సలుపు మొదలైంది. పాలు!

పిల్ల నోటికి చుక్క తగిలింది. పెదవి కదిలింది. ఇంకో చుక్క. ఆ తర్వాత ఎంత గట్టిగా లాగిందంటే, నూకాలు గాల్లోనే నవ్వింది, ఏడ్చింది.

పిల్లలూ, ఇప్పుడు నూకాలు ఏం చేయాలి? పుట్ట నోటి పక్క చోటు ఆమెది. ముందు వరుస ఆమెది. వరుసంతా ఆమె ఒక్కతే. నెమలిదొర చూస్తే చప్పట్లు కొట్టేవాడు.

ఆమె చీకట్లోకి కేక వేసింది: "నర్సీ! గంగులూ! ఏటలా వేలాడిపోతున్నారు? రండి, నోరు తెరిచి అరవండి! ఎటు తగిలితే అటు తినండి!"

"ఏ వరుసలో రావాలే?" అంది అప్పలనర్సి గొంతు, వణుకుతూ.

"నీ పొట్ట పచ్చగుందో నల్లగుందో ఈ చీకట్లో ఎవడు చూడొచ్చాడే? రా!"

"మరి నేనూ..." అన్నాడు పైడయ్య మావ, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో.

"నువ్వు ముందు రా మావా! అంత చెవులు పెంచావు కదా, ఇప్పటికైనా వాటితో వినడం నేర్చుకో!"

పైడయ్య మావ వచ్చాడు. ఆ చెవులకు ఆకు మీద పాకే పురుగు అడుగు కూడా వినబడింది. అతను ఆకుల మీదివి ఏరుకున్నాడు. గంగులు వెదురు గుబురులో చిన్నచిన్నవి పట్టుకున్నాడు. అప్పలనర్సి బలంగా పైకి లేచి లావు పెంకుపురుగుల్ని అందుకుంది. పోటీపడి చేసుకున్న అవకరాలన్నీ ఎక్కడో ఒకచోట పనికొచ్చాయి. కొట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

కాపలా చెదపురుగుల తిరుగుబాటు ఫలితాన్ని మాత్రం, ఎప్పట్లాగే, వేరేవాళ్ళు తిన్నారు. అది వేరే కథ. చెదపురుగులు వాళ్ళ పిల్లలకు చెప్పుకుంటాయి.

పొద్దున్నే నెమలిదొర వచ్చాడు. పుట్ట ఖాళీగా ఉంది. చుట్టూ రాలిన రెక్కలు.

"ఎవరు తిన్నారు?" అని గర్జించాడు.

"గబ్బిలాలు" అన్నది తొండ.

"ఏ గబ్బిలాలు? సరిగ్గా చెప్పు! ఏ వరుస, ఏ ఉపవరుస?"

తొండ తల పైకీ కిందికీ ఊపింది, అడ్డంగా ఊపింది. నెమలిదొర గబ్బిలాలను పిలిపించాడు. ఒక్కరూ రాలేదు. ఎవరి చీలికలో వాళ్ళు, కడుపు నిండి, తలకిందులుగా నిద్రపోతున్నారు. పాత బండ సందుకు మాత్రం ఎవరూ తిరిగిపోలేదు. సాగిన చెవులు మళ్ళీ పొట్టివి కాలేదు, నొక్కిన తల మళ్ళీ గుండ్రం కాలేదు. ఒకసారి గీసిన గీత పూర్తిగా చెరగదు.

కానీ చీకటి పడితే కనబడదు.

అప్పటినుంచే ఈ చిన్న గబ్బిలాలు పగలు దాక్కుని, పొద్దు వాలగానే బయటికి వస్తాయి. అప్పటినుంచే మంచు తప్ప మరేమీ లేని చోట్లు విడిచిపెడితే, లోకమంతటా వాటిలో వందల రకాలు. తొలివానకు ఉసిళ్ళు సందెవేళ లేవడం కూడా అప్పటినుంచే. నెమలిదొర శిష్యులు ఇవాళ్టికీ ఒకదాని పళ్ళు, ఇంకొకదాని ఎముకలు పట్టి చూస్తూ, దీన్ని ఆ వరుసలోంచి ఈ వరుసలోకి, మళ్ళీ ఈ వరుసలోంచి ఆ వరుసలోకి మారుస్తూనే ఉన్నారు. ఒకటి తేల్చేసరికి ఇంకోటి కొత్తగా బయటపడుతుంది.

ఆ కరువులో ఎదగని నూకాలు పిల్ల సంతతి అందరిలోకీ చిన్నది. బొటనవేలంత. మన ఇళ్ళ పెంకుల కింద ఉంటుంది. దీపాలు పెట్టే వేళ వీధి స్తంభం చుట్టూ గిర్రున తిరిగేది అదే. పసుపు పొట్టవాళ్ళు, పొడుగు చెవులవాళ్ళు, అందరూ దాని పైనా కిందా కలగలిసి ఎగురుతుంటారు.

మీరు తలెత్తి, "నీది ఏ వరుస?" అని అడిగి చూడండి. అది ఏదో గట్టిగానే అరుస్తుంది. ఆ మాట మాత్రం మన చెవికి చేరదు. అది అరిచేది ఉసిళ్ళ కోసం, పక్కవాళ్ళ కోసం. వరుస అడిగేవాళ్ళ కోసం గొంతు పాడుచేసుకోవడం అది అప్పటినుంచే మానేసింది.